స్పీడ్ కాళ్లలో కాదు, బెంచ్‌లో ఉంది: మన హాకీ టీమ్ మళ్లీ లేచిన కథ

ఈరోజు ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. హాకీ ఉంది. "హాకీనా? క్రికెట్ గురించి చెప్పొచ్చు కదా అన్నా" అని స్కిప్ కొట్టబోతున్నవాళ్లు ఒక్క రెండు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత కూడా బోర్ కొడితే హ్యాపీగా వెళ్లిపోండి, నేనేం అనుకోను.

ముందు రెండు సీన్లు చెప్తా.

సీన్ ఒకటి. 2016 ఆగస్టు, రియో ఒలింపిక్స్. మన మెన్స్ టీమ్ జర్మనీతో ఆడుతోంది. స్కోర్ 1-1. మ్యాచ్ అయిపోవచ్చింది. జర్మనీ లాంటి టీమ్‌తో డ్రా అంటే చిన్న విషయం కాదు. గడియారంలో మిగిలింది మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో జర్మనీ గోల్ కొట్టింది. 2-1. అయిపోయింది.

సీన్ రెండు. 2021 ఆగస్టు 5, టోక్యో. కాంస్య పతకం మ్యాచ్. మళ్లీ జర్మనీయే. మనం 5-4తో ముందున్నాం. ఏడు సెకన్లు కూడా లేవు, జర్మనీకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. ఇండియాలో అప్పుడు పొద్దున్న టైమ్. నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నా. ఒక స్క్రీన్ మీద ఆఫీస్ మెయిల్స్, ఇంకో స్క్రీన్ మీద మ్యాచ్. అమ్మ టిఫిన్ ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడిపోయింది. హాకీ రూల్స్ ఏమీ తెలియని మనిషి, "ఏమైందిరా, ఎందుకలా అయిపోయావు?" అని అడుగుతోంది. వాళ్లు కొట్టారు, శ్రీజేష్ ఆపాడు. 41 ఏళ్ల తర్వాత హాకీలో ఒలింపిక్ మెడల్.

అదే జర్మనీ. అవే చివరి సెకన్లు. గోల్‌పోస్ట్‌లో ఉన్నది కూడా అదే శ్రీజేష్. మరి ఈ ఐదేళ్లలో ఏం మారింది?

ఎవర్ని అడిగినా ఒకటే ఆన్సర్: "కుర్రాళ్లొచ్చారు, స్పీడ్ పెరిగింది." కరెక్టే. కానీ అది సగం ఆన్సర్. మిగతా సగం కోసమే ఈ ఎపిసోడ్.

ఎంత కిందికి పడిపోయాం?

1980 మాస్కో గోల్డ్ దాకా మన హాకీకి ఎనిమిది ఒలింపిక్ బంగారు పతకాలు. అక్కణ్ణుంచి గ్రాఫ్ కిందికే. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కి మనం క్వాలిఫై కూడా కాలేదు. చిలీలో జరిగిన క్వాలిఫయర్ ఫైనల్లో బ్రిటన్ చేతిలో 2-0తో ఓడిపోయాం. 2012 లండన్‌కి వెళ్లాం. ఆడిన ప్రతి మ్యాచ్ ఓడిపోయాం. పన్నెండు టీముల్లో పన్నెండో స్థానం. అంటే చిట్టచివర.

ఎందుకిలా? గ్రౌండ్ మారింది బాస్. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి గడ్డి పోయి సింథటిక్ టర్ఫ్ వచ్చింది. గడ్డి మీద బాల్ ఎగుడుదిగుడుగా వస్తుంది. దాన్ని కర్రకి అంటించుకుని, ఒకణ్ణి తప్పించి, ఇంకొకణ్ణి తప్పించి వెళ్లడం మనవాళ్ల ఆర్ట్. టర్ఫ్ మీద ఆ ఎగుడుదిగుడు లేదు. నీళ్లు కొట్టిన టర్ఫ్ మీద బాల్ సర్రున జారిపోతుంది. నువ్వు ఇద్దర్ని డ్రిబుల్ చేసే లోపు అవతలివాడు రెండు పాసుల్లో నీ గోల్ దగ్గర ఉంటాడు. ఆ 1976లోనే మనం ఏడో స్థానానికి పడిపోయాం.

తర్వాత రూల్స్ కూడా వేగం వైపే వెళ్లాయి. 1990ల్లో ఆఫ్‌సైడ్ తీసేశారు. తర్వాత సెల్ఫ్ పాస్ వచ్చింది. అంటే ఫౌల్ జరిగితే ఇంకొకడికి పాస్ ఇచ్చేదాకా ఆగక్కర్లేదు, నీకు నువ్వే బాల్ తోసుకుని పరిగెత్తొచ్చు. ఆగి ఊపిరి పీల్చుకునే గ్యాప్ పోయింది. రియోకి వచ్చేసరికి 35 నిమిషాల రెండు హాఫ్‌ల బదులు 15 నిమిషాల నాలుగు క్వార్టర్లు వచ్చాయి. ప్రతి క్వార్టర్ ఒక చిన్న రేస్ లాంటిది.

మా సెల్లార్‌లో యో-యో టెస్ట్

"స్పీడ్ అంటే ఏముంది, ఉసేన్ బోల్ట్ లాంటోళ్లని నలుగురిని పెట్టుకుంటే సరి" అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నా. అందుకే ఈ వీడియో కోసం ఒక ప్రయోగం చేశా.

హాకీ టీముల్లో ఫిట్‌నెస్ చూడటానికి యో-యో టెస్ట్ అని ఒకటి ఉంటుంది. క్రికెట్ వల్ల పేరు వినే ఉంటారు. 20 మీటర్ల దూరంలో రెండు గుర్తులు. బీప్ వినగానే అవతలికి పరిగెత్తాలి, ఇంకో బీప్ లోపు వెనక్కి రావాలి. పది సెకన్ల రెస్ట్. మళ్లీ బీప్. పోనుపోను బీప్‌ల మధ్య టైమ్ తగ్గిపోతూ ఉంటుంది. 

ఫోన్‌లో యాప్ వేసుకుని, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు చెప్పులు గుర్తుగా పెట్టి మొదలుపెట్టా. మొదట్లో "ఇంతేనా" అనిపించింది. కాసేపటికి ఆ పది సెకన్ల రెస్ట్ రెండు సెకన్లలా అనిపించింది. ఇంకాసేపటికి నేను స్తంభం పట్టుకుని నిలబడ్డా. వాచ్‌మన్ అంకుల్ వచ్చి, "సార్, మంచినీళ్లు తేనా?" అని అడిగాడు. ఫుటేజ్ ఉంది, కానీ వెయ్యను. పరువు సమస్య.

కానీ ఒక విషయం బాగా అర్థమైంది. నా మొదటి పరుగుకీ చివరి పరుగుకీ నడుమ మనిషి మారలేదు. కాళ్లు అవే. మారింది రికవరీ. హాకీలో స్పీడ్ అంటే ఒక్కసారి ఎంత జోరుగా పరిగెత్తావన్నది కాదు. పరిగెత్తి, పది సెకన్లలో కోలుకుని, మళ్లీ అదే జోరుతో పరిగెత్తగలవా అన్నదే. అదీ 1వ నిమిషంలో కాదు, 58వ నిమిషంలో.

రియోలో మనల్ని ముంచింది ఆ చివరి నిమిషాలే. అలసిన కాలు అర సెకను లేటుగా కదులుతుంది. అలసిన బుర్ర ఇంకా లేటుగా కదులుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క

బీటెక్ చదివినోణ్ణి కాబట్టి లెక్క లేకుండా వీడియో అవ్వదు. హాకీలో గోల్‌కీపర్ కాకుండా గ్రౌండ్‌లో పది మంది. మ్యాచ్ 60 నిమిషాలు. పది ఇంటూ అరవై, 600 నిమిషాల పని. టోక్యోలో ఒక మ్యాచ్‌కి టీమ్ 16 మంది. అందులో శ్రీజేష్ ఒక్కడే గోల్‌కీపర్. అంటే 15 మంది ఆ 600 నిమిషాలు పంచుకోవాలి. తలా 40 నిమిషాలు.

క్రికెట్‌లో పన్నెండోవాడు డ్రింక్స్ తెస్తాడు. ఫుట్‌బాల్‌లో ఒకసారి బయటికొచ్చినోడు ఇక లోపలికి పోలేడు. హాకీలో అలా కాదు. సబ్‌స్టిట్యూషన్‌కి లిమిట్ లేదు. ఒక ఫార్వర్డ్ కొన్ని నిమిషాలు ప్రాణం పెట్టి పరిగెత్తుతాడు, బయటికొచ్చి నీళ్లు తాగుతాడు, మళ్లీ వెళ్తాడు. సైడ్‌లైన్ దగ్గర ఈ రాకపోకలు ఆగవు.

మనం సర్వర్ల విషయంలో చెప్పే లోడ్ బ్యాలెన్సింగ్ ఇదే. ఒక్క సర్వర్ ఎంత పెద్దదైనా లోడ్ అంతా దాని మీదే వేస్తే స్లో అవుతుంది. నీ టీమ్‌లో మొదటి పది మంది సూపర్, మిగతా ఐదుగురు అంతంతమాత్రం అనుకో. కోచ్ వాళ్లని దింపడానికి భయపడతాడు. ఆ పది మందే ఆడతారు. మూడో క్వార్టర్‌కి వేడెక్కిపోతారు. నాలుగో క్వార్టర్‌లో గోల్ ఇస్తారు.

అందుకే నేననేది, టీమ్ స్పీడ్ మొదటివాడి కాళ్లలో ఉండదు, పదిహేనోవాడిలో ఉంటుంది. వాణ్ణి నమ్మి దింపగలిగితే అందరి కాళ్లూ ఫ్రెష్‌గా ఉంటాయి. కుర్రాళ్లు టీమ్‌కి ఇచ్చేది ఇదే. సీనియర్ ప్లేస్ లాక్కోవడానికి కాదు, సీనియర్‌ని కూడా ఫాస్ట్‌గా ఉంచడానికి వస్తారు.

మరి ఆ పదిహేనోవాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారు?

లక్నో నుంచి. 2016 డిసెంబర్‌లో అక్కడ జూనియర్ వరల్డ్ కప్ జరిగింది. అంతకుముందు 2013లో ఇదే టోర్నీ ఢిల్లీలో పెడితే సొంతగడ్డ మీద మనది పదో స్థానం. ఈసారి కోచ్ హరేంద్ర సింగ్. ఫైనల్లో బెల్జియం మీద 2-1తో గెలిచారు. గోల్స్ కొట్టింది గుర్జంత్ సింగ్, సిమ్రన్‌జీత్ సింగ్. 2001 తర్వాత, పదిహేనేళ్లకి, మళ్లీ జూనియర్ కప్పు మనకొచ్చింది.

ఆ బ్యాచ్ నుంచి ఏడుగురు టోక్యో టీమ్‌లో ఉన్నారు. హర్మన్‌ప్రీత్, మన్‌దీప్, వరుణ్ కుమార్, సుమిత్, నీలకంఠ శర్మ, గుర్జంత్, సిమ్రన్‌జీత్. ఒక్కొక్కణ్ణి ఒక్కో చోటు నుంచి ఏరుకురావడం వేరు, ఒకరి పాస్ ఎటొస్తుందో ఇంకొకరికి చూడకుండానే తెలిసిన గుంపు రావడం వేరు. బాల్ ఎప్పుడూ మనిషికంటే ఫాస్టే కదా. పాస్ ఎటొస్తుందో ముందే తెలిస్తే నీ కాళ్ల స్పీడ్ పెరగకుండానే టీమ్ స్పీడ్ పెరుగుతుంది.

వీళ్లకి ఇంకొంతమంది తోడయ్యారు. హార్దిక్ సింగ్, వయసు 22. ఇటార్సీ నుంచి వచ్చిన వివేక్ సాగర్ ప్రసాద్, 21. దిల్‌ప్రీత్ సింగ్, 21. ప్రకటించిన 16 మందిలో పది మందికి అదే మొదటి ఒలింపిక్స్.

వెనకాల కష్టపడినవాళ్లూ ఉన్నారు. 2019లో కోచ్‌గా వచ్చిన ఆస్ట్రేలియా మనిషి గ్రాహం రీడ్, సైంటిఫిక్ అడ్వైజర్ రాబిన్ ఆర్కెల్. ప్లేయర్లు జీపీఎస్ పరికరాలు వేసుకుని ప్రాక్టీస్ చేసేవాళ్లు. ఎవరు ఎంత పరిగెత్తారు, ఎంత జోరుగా పరిగెత్తారు, అంతా డేటా. "బాగానే ఆడాను సార్" అనే మాటకి అక్కడ చోటు లేదు.

ఒక 1-7 మధ్యాహ్నం

ఇప్పటిదాకా విన్నోళ్లకి "సరే, కుర్రాళ్లొచ్చారు, డేటా వచ్చింది, మెడల్ వచ్చింది" అనిపిస్తోంది కదా? అంత ఈజీగా ఏం జరగలేదు. టోక్యోలో రెండో మ్యాచే ఆస్ట్రేలియాతో. స్కోర్ తెలుసా? 1-7. మీరు తప్పు వినలేదు. ఏడు గోల్స్.

ఆ మధ్యాహ్నం ఫోన్ తెరిస్తే మీమ్సే మీమ్స్. "వీళ్లకింతే" అన్నారు. నేను కూడా ఒక గ్రూప్‌లో అదే మాట అన్నా. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రెండు రోజుల తర్వాత స్పెయిన్ మీద 3-0తో గెలిచారు. మొదటి గోల్ సిమ్రన్‌జీత్. ఈ సిమ్రన్‌జీత్ గురించి ఒక విషయం చెప్పాలి. ముందు ప్రకటించిన 16 మందిలో అతను లేడు. రిజర్వ్. కోవిడ్ వల్ల ఆ ఒక్క ఒలింపిక్స్‌కి రూల్ మార్చారు. రిజర్వ్‌లను కూడా కలిపి, 18 మందిలోంచి ప్రతి మ్యాచ్‌కీ 16 మందిని ఎంచుకోవచ్చన్నారు. అలా లోపలికొచ్చిన ఇద్దరు సిమ్రన్‌జీత్, వరుణ్ కుమార్.

తర్వాతి మ్యాచ్ అర్జెంటీనాతో. రియో గోల్డ్ వాళ్లదే. 3-1తో గెలిచాం. మొదటి గోల్ వరుణ్‌ది, అంటే రెండో రిజర్వ్. అర్జెంటీనా స్కోర్ సమం చేసింది. చివరికి 58వ నిమిషంలో వివేక్ సాగర్, 59వ నిమిషంలో హర్మన్‌ప్రీత్ కొట్టారు. చూశారా? ఒకప్పుడు చివరి నిమిషాల్లో మనం మునిగేవాళ్లం. ఇప్పుడు ఆ నిమిషాల్లోనే అవతలివాళ్లు మునుగుతున్నారు.

క్వార్టర్ ఫైనల్ బ్రిటన్‌తో. 3-1. గోల్స్ దిల్‌ప్రీత్, గుర్జంత్, హార్దిక్. ముగ్గురికీ మొదటి ఒలింపిక్సే. మూడో గోల్ వచ్చినప్పుడు కెప్టెన్ మన్‌ప్రీత్ ఎల్లో కార్డ్ మీద బయట కూర్చున్నాడు. మనం ఒక మనిషి తక్కువ. అప్పటికి స్కోర్ 2-1, బ్రిటన్ మీదకి మీదకి వస్తోంది. అలాంటి టైమ్‌లో, 57వ నిమిషంలో, హార్దిక్ బాల్ తీసుకుని ముందుకి దూసుకెళ్లి గోల్ కొట్టాడు.

సెమీస్‌లో బెల్జియం చేతిలో 5-2తో ఓడిపోయాం. అందుకే ఆ కాంస్యం మ్యాచ్. 1-3తో వెనకబడి, 5-4తో గెలిచిన మ్యాచ్. ఆ ఐదు గోల్స్‌లో రెండు సిమ్రన్‌జీత్‌వి. రిజర్వ్‌వి!

నా బెంచ్ కథ

ఇది నాకెందుకు ఇంత దగ్గరగా అనిపించిందో చెప్తా. నేను బీటెక్ అవ్వగానే ఒక కంపెనీలో చేరా. పేరొద్దు. నాలుగు నెలలు బెంచ్ మీద ఉన్నా. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ మాట కొత్త కాదు. ప్రాజెక్ట్ ఉండదు, జీతం వస్తుంది, కానీ నిద్ర రాదు. నాన్న ఫోన్ చేసి "పనెలా ఉందిరా?" అంటే "బిజీ నాన్నా" అని అబద్ధం చెప్పేవాణ్ణి.

తర్వాత ఒక ప్రాజెక్ట్‌లో వేశారు. మాతోపాటు ఏడుగురు ఫ్రెషర్స్. "యంగ్ టీమ్, ఫాస్ట్ టీమ్" అని మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు. అదే నెలలో పాత సీనియర్లు ముగ్గుర్నీ ఒకేసారి వేరే చోటికి పంపేశారు. మేం నిజంగానే ఫాస్ట్. రోజుకి ఎంత కోడ్ రాసేవాళ్లమో! ఒక రాత్రి ప్రొడక్షన్ పడిపోయింది. ఆ పాత కోడ్‌లో ఏముందో మాలో ఒక్కడికీ తెలియదు, అడుగుదామంటే మనిషి లేడు. తెల్లారేదాకా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ మార్పు చేసిన నా ఫ్రెండ్‌ని మర్నాడు అందరి ముందూ "నువ్వు ఈ పనికి పనికిరావు" అన్నారు. వాడు నెలలో రిజైన్ చేశాడు. మాలో అందరికంటే తెలివైనవాడు వాడే. వాడు పనికిరాక కాదు, వాడి వెనకాల శ్రీజేష్ లేక.

టోక్యో టీమ్‌లో పది మంది కొత్తవాళ్లున్నా, రియో చూసినవాళ్లు కూడా ఉన్నారు. గోల్‌లో శ్రీజేష్, మధ్యలో మన్‌ప్రీత్, వెనకాల రూపిందర్. శ్రీజేష్‌కి అప్పుడు 33 ఏళ్లు. కుర్రాళ్లు ముందుకి ఎగబడి ఆడగలిగారంటే, వెనకాల బాల్ పోయినా ఆపే మనిషి ఒకడున్నాడన్న ధైర్యం కూడా ఒక కారణం. తప్పు చేసినా పర్లేదు అనుకున్నవాడే రిస్క్ తీసుకుంటాడు. రిస్క్ తీసుకున్నప్పుడే స్పీడ్ బయటికొస్తుంది.

పారిస్‌లో ఏం చేశారు?

2024 పారిస్‌కి టీమ్‌ని మళ్లీ తలకిందులు చేయలేదు. 16 మందిలో కొత్తవాళ్లు ఐదుగురే. జర్మన్‌ప్రీత్, సంజయ్, రాజ్‌కుమార్ పాల్, అభిషేక్, సుఖ్‌జీత్. మిగతా 11 మంది టోక్యో చూసినవాళ్లే. ఏ ఆస్ట్రేలియా మనకి ఏడు కొట్టిందో, దాన్నే 3-2తో ఓడించారు. ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని ఓడించడం 1972 తర్వాత అదే మొదటిసారి. మొదటి గోల్ కొట్టింది కొత్తవాడు అభిషేక్.

క్వార్టర్స్‌లో మళ్లీ బ్రిటన్. 17వ నిమిషంలోనే అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డ్. ఇందాకటి లెక్క గుర్తుందా? మనిషి తగ్గాడు, పని తగ్గలేదు. నలభై నిమిషాలకు పైగా పది మందితోనే లాగారు. 1-1. షూటౌట్‌లో 4-2. ఆఖరి గోల్ కొట్టింది ఇంకో కొత్తవాడు, రాజ్‌కుమార్ పాల్. తర్వాత స్పెయిన్ మీద 2-1తో మళ్లీ కాంస్యం. ఆ మ్యాచ్‌తో శ్రీజేష్ రిటైర్ అయ్యాడు.

ఇంకో వైపు కూడా చెప్పాలి

అంతా బాగుంది అని ముగిస్తే అబద్ధం చెప్పినట్టే. లక్నోలో ఆ జూనియర్ కప్పు ఎత్తిన కెప్టెన్ పేరు హర్జీత్ సింగ్. టోక్యోలో అతను లేడు. పారిస్‌లోనూ లేడు. ఆ బ్యాచ్‌లో ఏడుగురు టోక్యోకి వెళ్లారంటే, మిగతావాళ్లు వెళ్లలేదనే కదా. వాళ్లు కూడా అదే ఫైనల్ గెలిచారు, అదే మెడల్ మెడలో వేసుకున్నారు. యంగ్ టాలెంట్ అని మనం చప్పట్లు కొట్టే ప్రతి గుంపులోనూ ఇలాంటివాళ్లు ఉంటారు. వాళ్లని కూడా ఒకసారి తలుచుకుందాం.

"అన్నా, మనవాళ్లెవరూ లేరా?" అని మీరు అడుగుతారని తెలుసు. ఉన్నారు. హైదరాబాద్ నుంచి ముఖేష్ కుమార్ 1992, 1996, 2000, వరసగా మూడు ఒలింపిక్స్ ఆడాడు. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన రజని ఇతిమరపు ఇండియా విమెన్స్ టీమ్‌కి గోల్‌కీపింగ్ చేసింది. కొత్తగా మళ్లీ మొదలైన హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ పేరుతో టీమ్ కూడా ఉంది. అయితే మన పిల్లలకి పొద్దున్నే వెళ్లి ఆడుకోవడానికి టర్ఫ్ దగ్గర్లో ఉందా? మీ ఊళ్లో ఉందేమో ఒకసారి చూడండి. పదిహేనోవాడు ఎక్కడో ఒక చోట మొదలవ్వాలి కదా.

ఆఖరి మాట. రిటైర్ అయిన శ్రీజేష్ ఇంట్లో కూర్చోలేదు. జూనియర్ టీమ్‌కి కోచ్ అయ్యాడు. 2025 డిసెంబర్‌లో తమిళనాడులో జూనియర్ వరల్డ్ కప్ జరిగితే, కాంస్యం మ్యాచ్‌లో అర్జెంటీనా మీద 0-2తో వెనకబడి 4-2తో గెలిచారు అతని పిల్లలు. వెనకబడి గెలవడం ఎలాగో వాళ్లకి చెప్పడానికి టోక్యో చూసిన మనిషి పక్కనే ఉన్నాడు.

మీలో ఎవరైనా ఇప్పుడు బెంచ్ మీద ఉంటే, అది ఆఫీస్ బెంచ్ కావచ్చు, కాలేజ్ టీమ్ బెంచ్ కావచ్చు, సిమ్రన్‌జీత్‌ని గుర్తుపెట్టుకోండి. ఊరికే కూర్చోకండి, బీప్ వస్తే లేచేలా ఉండండి. మీలో ఎవరైనా టీమ్ లీడ్ అయి ఉంటే, ఇంకోటి గుర్తుపెట్టుకోండి. బెంచ్ మీదున్నవాణ్ణి దింపండి. దింపేటప్పుడు వెనకాల ఒక శ్రీజేష్‌ని ఉంచండి.

నా ఫ్రెండ్ ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు. ఫ్రెషర్స్‌కి వాడే ట్రైనింగ్ ఇస్తున్నాడు. ఈ వీడియో లింక్ మొదట వాడికే పంపుతున్నా.

మళ్లీ వచ్చే వారం కలుద్దాం. అప్పటిదాకా ఎవరైనా సెల్లార్‌లో యో-యో టెస్ట్ చేయాలనుకుంటే, ముందు మంచినీళ్లు పక్కన పెట్టుకోండి. ఉంటాను, బై.